రెండోసారి రాసే హక్కు ఎవరిది?

(ఇంటర్ పూర్తిచేసిన విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



'లాంగ్‌టర్మ్ పోవాల్నా వద్దా, మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పు సార్' అని పిలిస్తే వచ్చిన. లోపటికి వస్తుంటే గేటు కాడ ఒక రైతు నన్ను ఆపిండు. ఆయనకు ఎకరంన్నర భూమి ఉన్నది. బిడ్డ నీట్ రాసింది, సీటు రాలేదు. 'ఇంకో ఏడాది చదువుతా అంటున్నది సారూ. అరెకరం తీసేద్దునా?' అని అడిగిండు. నాకు ఎంబడే జవాబు రాలేదు. 'లోపట కూసో అన్నా, మాట్లాడినంక చెప్త' అన్న. ఆయన ఇక్కడనే ఎక్కడనో కూసున్నడు. నేనివ్వాళ మాట్లాడేదంతా ఆయన అడిగిన ఒక్క మాట గురించే.

గుంటూరు బండెక్కిన రోజులు

ఉమ్మడి రాష్ట్రంలో 1986ల ఎంసెట్ మొదలైంది. ఇంజినీరింగుకు, మెడిసిన్‌కు ఒక్కటే పరీక్ష. మూడు గంటలల్ల పరీక్ష అయిపోయేది. పన్నెండేండ్ల చదువును ఆ మూడు గంటలు తేల్చేస్తయి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నూటికి 85 సీట్లు స్థానికులయి. మనం ఉస్మానియా పరిధి కింద లెక్క. కానీ ఆ పరిధిలో సీట్లు ఉండాలె గదా! మనకున్న సర్కారు మెడికల్ కాలేజీలు ఎన్ని? ఉస్మానియా, గాంధీ, వరంగల్ కాకతీయ. అటు ఆదిలాబాద్ నుంచి ఇటు పాలమూరు దాకా ఎవ్వరు డాక్టర్ కావాలన్నా ఈ మూడే దిక్కు.

సీట్లు తక్కువ ఉన్నకాడ పరీక్ష ఒక్కసారి రాస్తే సరిపోదు. ఇట్లనే లాంగ్‌టర్మ్ అనే యాపారం పుట్టింది. కోస్తాలో గుంటూరు, విజయవాడ దానికి అడ్డాలు. మన పిల్లలు ట్రంకు పెట్టె, చాప, పచ్చడి డబ్బా పట్టుకొని బండెక్కేటోళ్లు. అట్ల ఎక్కినోళ్లల్ల నేనొకన్ని.

1991ల నేను, మా ఊరి దోస్తు ఒకడు ఒకటే రోజు, ఒకటే సెంటర్ల ఎంసెట్ రాసినం. వాని ర్యాంకు నాకంటే మంచిగొచ్చింది. అయినా ఇద్దరికీ సీటు రాలేదు. మా నాయన ఆర్టీసీల కండక్టర్. నెలజీతం ఉన్నది, పీఎఫ్ మీద అప్పు దొరికింది. నన్ను గుంటూరు పంపిండు. పొద్దున నాలుగింటికి గంట కొట్టేది. రాత్రి పదకొండు దాకా అవే నాలుగు పుస్తకాలు, అవే పరీక్షలు. మా దోస్తు నాయనకు ఆ ఏడు పత్తి పోయింది. వాడు హనుమకొండల ఒక దవఖానల కాంపౌండర్‌గ చేరిండు.

రెండోసారి నా ర్యాంకు చానా మెరుగైంది. కానీ సీటు అంచు దాకా పోయి ఆగిపోయింది. డిగ్రీల చేరిన, పీజీ చేసిన, మీ ముందు లెక్చరర్‌గ నిలబడ్డ. నాకేం నష్టం కాలేదు. మా దోస్తు ఇప్పుడు ఊర్లె ఆర్‌ఎంపీ. అర్ధరాత్రి ఎవ్వరికి జ్వరమొచ్చినా వాని తలుపే కొడుతరు. మొదటి పరీక్షల నాకంటే ముందున్నోడు వాడు. రెండో పరీక్ష వాడు రాయనే లేదు. 'మెరిట్, మెరిట్' అని ఎవరన్నా గొంతు చించుకుంటే నాకు వాడే యాదికొస్తడు.

లెక్కలు అడిగితేనే నిజం బయటపడ్తది

మిత్రులారా, ఉద్యమం మనకు నేర్పిన మొదటి పాఠం లెక్కలు అడుగుడు. జయశంకర్ సార్ ఏ సభకు పోయినా నీళ్ల లెక్క, నిధుల లెక్క, కొలువుల లెక్క చేతుల పట్టుకొని పోయేటోడు. 610 జీవో మీద 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వేసిండ్రంటే మనోళ్లు లెక్కలు అడగబట్టే. ఈ రెండోసారి పరీక్ష గురించి గూడ లెక్క అడగాలె.

పక్కన తమిళనాడు ఆ పని చేసింది. నీట్ ప్రభావం మీద అక్కడి సర్కారు వేసిన జస్టిస్ ఏకే రాజన్ కమిటీ 2021ల నివేదిక ఇచ్చింది. నీట్ రాకముందు, 2016-17ల, అక్కడ ఎంబీబీఎస్‌ల చేరినోళ్లల్ల నూటికి 12 మంది చిల్లర మాత్రమే రెండోసారి రాసినోళ్లు. 2020-21 నాటికి వాళ్లు నూటికి 71 మంది అయిండ్రు. నాలుగేండ్లల్ల లెక్క తిరగబడ్డది. ఇంటర్ అయిన ఏడాదే సీటు తెచ్చుకున్న పిల్లలు నూటికి 29 మంది గూడ లేరు.

దీని అర్థమేంది? తొలిసారి రాసే పిల్లలు మొద్దులైండ్రా? కాలే. పరీక్ష మారింది. మన ఇంటర్ పాఠం ఒకటి, ఆ పరీక్ష అడిగే తీరు ఇంకొకటి. నడుమ సందు ఉన్నది. ఆ సందు పూడ్చుకునేతందుకు ఒక ఏడాది కావాలె. ఆ ఏడాదికి ఫీజు, హాస్టలు, తిండి ఖర్చు, ఇంటికాడ సంపాదన లేకుండ ఒక మనిషి కూసునే వెసులుబాటు కావాలె. అంటే ఆ ఏడాదిని కొనుక్కోవాలె. కొనగలిగినోని పేరు మెరిట్ లిస్టుల ఉంటది, కొనలేనోని పేరు ఆర్‌ఎంపీ బోర్డు మీద ఉంటది.

మన సర్కారు గూడ ఈ లెక్క తీయాలె. ప్రతి ఏడు మెడికల్ సీట్లు పొందినోళ్లల్ల ఎంతమంది మొదటిసారికే గెలిచిండ్రు, ఎంతమంది రెండోసారి, మూడోసారి? ఎంతమంది సర్కారు కాలేజీల చదివిండ్రు? ఎంతమంది తెలుగు మీడియం? ఏ జిల్లాకు ఎన్ని? ఆడపిల్లలు ఎందరు? కౌన్సెలింగ్‌ల మార్కుల మెమోలు అన్నీ సర్కారు చేతులనే ఉంటయి. తీస్తే లెక్క తేలుడు కష్టం కాదు.

పిల్లల తప్పు లేకున్నా పోయిన ఏండ్లు

రెండోసారి రాసుడు ప్రతిసారి పిల్లలు కోరుకున్నది కూడా కాదు. 2016 సంగతి యాది చేసుకోండ్రి. ఏప్రిల్‌ల నీట్ తప్పదని సుప్రీంకోర్టు చెప్పింది. మే నెలల కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ఆ ఒక్క ఏడుకు రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చింది. ఇక్కడ మెడిసిన్‌కు వేరేగ ఎంసెట్-2 పెట్టిండ్రు, జులై 9న. పేపరు ముందే బయటికి పోయిందని సీఐడీ తేల్చింది. ఆగస్టుల పరీక్ష రద్దు. సెప్టెంబర్ 11న ఎంసెట్-3. ర్యాంకు వచ్చి, సీటు ఖాయమనుకొని ఊర్లె మిఠాయిలు పంచుకున్న పిల్లలు మళ్ల మొదటి పేజీకాడ కూసున్నరు. అది మన సొంత రాష్ట్రం వచ్చినంక జరిగిన ముచ్చట. ఆంధ్రోళ్ల మీద నెట్టేతందుకు లేదు.

2024 నీట్ సంగతి మొన్నటిదే. 23 లక్షల మంది రాసిండ్రు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెం పైన. పేపరు లీకు గొడవ, గ్రేసు మార్కుల గొడవ. గ్రేసు మార్కులు పొందిన 1563 మందికి జూన్ 23న మళ్లీ పరీక్ష పెట్టిండ్రు. మొత్తం పరీక్ష రద్దు చేయాల్సిన అవసరం లేదని జులైల సుప్రీంకోర్టు చెప్పింది. అంతదాకా పిల్లలకు అన్నం సహించలే, నిద్ర పట్టలే. పరీక్ష పెట్టేటోని తప్పుకు పరీక్ష రాసేటోడు శిక్ష అనుభవించుడు ఏ న్యాయం?

రాష్ట్రం వచ్చి ఏం మారింది?

ఉన్నది ఉన్నట్టు మాట్లాడుకుందాం. 2014ల మనకు సర్కారు మెడికల్ కాలేజీలు ఐదు. పాత మూడింటికి ఆదిలాబాద్ రిమ్స్, నిజామాబాద్ కలిసినయి. 2024 నాటికి ఆ లెక్క 34కు చేరింది. 2014 జూన్ 2 తర్వాత వచ్చిన కాలేజీలల్ల కన్వీనర్ కోటా సీట్లన్నీ తెలంగాణ పిల్లలకేనని 2023ల ఉత్తర్వు ఇచ్చిండ్రు. ఇది ఉద్యమం ఫలం, కాదనేటోడు ఎవడూ లేడు.

స్థానికత మీద ఒక మాట చెప్పాలె, ఎందుకంటే చానామంది తల్లిదండ్రులు ఇక్కడ దెబ్బతింటున్నరు. ఇంటర్‌తోని ముగిసే నాలుగేండ్లు తెలంగాణలనే చదివి ఉండాలని 2024ల జీవో 33 వచ్చింది. హైకోర్టుకు పోయిండ్రు, సుప్రీంకోర్టుకు పోయిండ్రు. 2025 సెప్టెంబర్‌ల సుప్రీంకోర్టు ఆ జీవో చెల్లుతదన్నది. లాంగ్‌టర్మ్ అనేది ఇంటర్ అయినంక చదివేది, అది ఈ నాలుగేండ్ల లెక్కల రాదు. కానీ పేరున్న కాలేజీ అని ఇంటర్‌కే విజయవాడకో ఇంకో రాష్ట్రానికో తోలితే ఇక్కడ స్థానికత పోయే ప్రమాదం ఉన్నది. పిల్లలను పంపేముందు ఆ జీవో ఒకసారి చదివించుకోండ్రి.

సీట్లు పెరిగినయి, స్థానికత దక్కింది. మరి ఆ సీట్లల్ల కూసుంటున్నది ఎవరు? మా సర్కారు కాలేజీకి వచ్చే పిల్లలు కైకిలోళ్ల బిడ్డలు, ఆటో తోలేటోళ్ల కొడుకులు. తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి వస్తరు. నీట్‌ల ప్రశ్నలేమో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంల వరుస పట్టుకొని అడుగుతరు. 2017 నుంచి నీట్ తెలుగులో గూడ రాయొచ్చు. రాసేటోళ్లు తక్కువ, ఎందుకంటే ఆ తీరుగ చదివేతందుకు తెలుగులో పుస్తకాలు, నేర్పేటోళ్లు తక్కువ. సాంఘిక సంక్షేమ గురుకులాలు గౌలిదొడ్డి వంటి చోట్ల ఉచితంగ కోచింగ్ ఇచ్చి పేద పిల్లలను మెడికల్ కాలేజీలకు పంపినయి. అంటే సర్కారు తలుచుకుంటే అవుతదని రుజువైంది. గురుకులంల సీటు దొరకని పిల్లల సంగతేంది?

పోవాల్నా, వద్దా?

ఇగ అసలు ముచ్చటకొస్త. ఇంకో ఏడాది చదవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఐదు మాటలు మనసుల పెట్టుకోండ్రి.

ఒకటి. మార్కులు చూసి కొలుచుకోకుండ్రి, ర్యాంకు చూసుకోండ్రి. 2024ల మొదట ప్రకటించిన ఫలితాలల్ల 67 మందికి 720కి 720 వచ్చినయి. 2025ల పేపరు కష్టంగ వచ్చి దేశం మొదటి ర్యాంకుకే 686 వచ్చినయి. 'పోయినేడు ఇన్ని మార్కులకు సీటు వచ్చింది' అనే మాట ఈ ఏడుకు పనికిరాదు. మన రాష్ట్రంల, మన కేటగిరీల ఆఖరు సీటు ఏ ర్యాంకుకు పోయింది, నీ ర్యాంకు దానికి ఎంత దూరం ఉన్నది, అది చూడాలె.

రెండు. మార్కులు ఎక్కడ పోయినయో తెల్వకుండ మళ్ల మొదలుపెట్టకు. పోయిన పేపరు ముందల పెట్టుకొని, తెల్వక పోయినవి ఎన్ని, తెలిసీ తప్పు పెట్టినవి ఎన్ని, టైమ్ చాలక ఇడిసినవి ఎన్ని లెక్క రాయి. నీట్‌ల తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉన్నది, ఎంసెట్‌ల లేకుండె. మా పిల్లల మెమోలు చూస్తే ఎక్కువ మందికి ఫిజిక్స్‌లనే దెబ్బ పడ్తది. ఫిజిక్స్ రాని పిల్లకు బాటనీ ఇంకో వందసార్లు చదివిస్తే లాభమేంది?

మూడు. ఇది ఎవరి కోరిక? తండ్రి కోరికైతే ఏడాది గడువదు. పిల్లగాడు పుస్తకం ముందల కూసుంటడు, మనసు కూసోదు. తల్లిదండ్రులారా, మీ పిల్లలను పక్కకు తీస్కపోయి నిమ్మళంగ అడుగుండ్రి. 'వద్దు' అంటే తిట్టకుండ్రి.

నాలుగు. ఎన్నేండ్లు? చేరకముందే తేల్చుకోండ్రి. ఐఐటీకి పోయే జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగ రెండేండ్లల్ల రెండుసార్లే రాయనిస్తరు. జేఈఈ మెయిన్ మూడేండ్లు. నీట్‌కు అసొంటి గీత లేదు, 2022ల గరిష్ఠ వయసు గూడ తీసేసిండ్రు. గీత లేకపోవుడు వరమే, శాపమే. నాలుగో ఏడు, ఐదో ఏడు అని గదిల కూసున్న పిల్లలను చూసిన. ఊరికి పోతే ఎవరు ఏమడుగుతరోనని పండుగలకు గూడ ఇంటికి పోరు. నా మాట వింటే ఒక్క ఏడాది. అంచుకు వచ్చి ఆగితే ఇంకొకటి. ఆ తర్వాత తొవ్వ మార్చాలె.

ఐదు. చేతులున్న సీటును చిన్నచూపు చూడకు. అగ్రికల్చర్ బీఎస్సీ, వెటర్నరీ, ఫార్మసీ, నర్సింగ్, ఆయుర్వేదం, హోమియో, మంచి డిగ్రీ కాలేజీ, ఇవన్నీ బతుకు తొవ్వలే. ఊరికి పశువుల డాక్టర్ అక్కర లేదా? డాక్టర్ కానోడు మనిషి కాడనే మాట కోచింగ్ సెంటరోళ్ల గోడమీది రాత, దాన్ని మనం ఇంట్ల రాసుకోవద్దు.

ఇంకొక్క మాట ఆడపిల్లల గురించి. కొడుకుకైతే రెండోసారి, మూడోసారి అప్పు తెస్తరు. బిడ్డ అడిగితే 'ఇంకో ఏడాది దేనికి, సంబంధం చూద్దాం' అంటరు. నా క్లాసుల ప్రతి ఏడు ముందు వరుసల ర్యాంకులు ఆడపిల్లలవే. రెండోసారి హాల్‌టికెట్ పట్టుకొని సంతకానికి వచ్చేటోళ్లల్ల వాళ్లు తగ్గుతరు. గేటు కాడ ఆ రైతు అన్న బిడ్డ కోసం అడిగిండు. ఆయనకు దండం పెట్టాలె.

మనం చేయాల్సింది

లాంగ్‌టర్మ్ గదులల్ల పిల్లల పానాలు పోతున్నయి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న బెంగాల్ పిల్ల 2023ల చనిపోతే, ఆ కేసుల 2025 జులైల సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు 2024 జనవరిల కేంద్రం కోచింగ్ సెంటర్లకు నియమాలు పెట్టింది. పదహారేండ్లు నిండని పిల్లలను చేర్చుకోవద్దు, ర్యాంకు గ్యారెంటీ అని ప్రకటనలు ఇయ్యొద్దు, మధ్యల మానేస్తే మిగిలిన కాలానికి కట్టిన ఫీజు, హాస్టల్ ఫీజుతోని సహా పది రోజులల్ల వాపసు ఇయ్యాలె అని అండ్ల ఉన్నది. ఫీజు వాపసు మాట ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? విద్యార్థి సంఘాల తమ్ముళ్లు ఈ కాయితాన్ని తెలుగులో అచ్చేసి ప్రతి కోచింగ్ గేటు కాడ పంచాలె. పిల్లలారా, మనసు కుంగితే లోపల దాసుకోవద్దు. అమ్మకు చెప్పండ్రి, దోస్తుకు చెప్పండ్రి, మాకు చెప్పండ్రి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్‌ల పైసలు లేకుండ మాట్లాడుతరు.

మన డిమాండ్లు మూడే. జిల్లాకొక సర్కారు జూనియర్ కాలేజీల హాస్టల్‌తోని ఉచిత లాంగ్‌టర్మ్ కోచింగ్, తెలుగు మీడియం పిల్లలకు అండ్ల సగం జాగ. ఎవరెవరు ఎన్నోసారికి సీటు తెచ్చుకున్నరో ఏటేటా లెక్కల ప్రకటన. కోచింగ్ సెంటర్ల మీద ఉన్న నియమాల అమలు.

ఉద్యోగ మిత్రులారా, మనకు జీపీఎఫ్ ఉన్నది. మన పిల్లలు రెండోసారి రాస్తరు. మన ఆఫీసుల నీళ్లిచ్చే అటెండర్ బిడ్డ రాయగలుగుతదా? 1969ల విద్యార్థులు తెలంగాణ కోసం ఒక చదువు ఏడాదినే ఇచ్చిండ్రు. 2011ల 42 రోజుల సకల జనుల సమ్మెల మనం బడులు, ఆఫీసులు బంద్ పెట్టినం. ఆ రోజులల్ల క్లాసులు పోయింది ఎవరికి? కార్పొరేట్ పిల్లలు ఎట్లనో నెట్టుకొచ్చిండ్రు. సర్కారు బడి పిల్లలకు పోయినయి. వాళ్లు మనల్ని ఒక్క మాట అనలే, జై తెలంగాణ అని మన ఎంబడి నడిచిండ్రు. ఆ తరానికి మనం బాకీ ఉన్నం. వాళ్ల తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఆ బాకీ తీర్చాలె.

మా కాలేజీల నలుగురం లెక్చరర్లం మాట్లాడుకున్నం. సర్కారు పెట్టేదాకా ఆగేది లేదు. ఈ ఏడు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు రెండోసారి రాసే పిల్లలకు చెప్తం. పైసలు వద్దు. పాత పేపర్లు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పోగు చేస్తున్నం. మీ ఇంట్ల అయిపోయిన పుస్తకాలు కిలోల లెక్క అమ్మకుండ్రి, మాకియ్యండ్రి.

ఇప్పుడు రైతు అన్నకు జవాబు చెప్త. అన్నా, భూమి అమ్మకు. బిడ్డను ఆపకు. రేపు పొద్దున ఆమెను, ఆమె మెమోను తీసుకొని మా కాలేజీకి రా. నలుగురం కూసొని చూస్తం. ర్యాంకు దగ్గర ఉన్నదంటే ఏడాది మాకాడ చదువుకుంటది. దూరం ఉన్నదంటే ఆమె మనసు నొప్పియ్యకుండ వేరే సీటు చూపిస్తం. భూమా, బిడ్డనా అని ఒక తండ్రి గేటు కాడ నిలబడి అడిగే దినం పోవాలనే మనం రాష్ట్రం అడిగినం. అది ఇంకా పోలే. పోయేదాకా అడుగుదాం.

జై తెలంగాణ.